మా నాయన రొంటిన అగ్గిపెట్టె

ఫైరింజను ఆఫీసు నుంచి ఫోను వచ్చిందంటే ఎవరికైనా ముందు గుండె గుభేలుమంటుంది. నాకు ఒళ్లు మండింది. అవతల మాట్లాడుతున్నది కొత్తగా వచ్చిన ఆఫీసరు. కుర్రవాడు, మాట మహా తియ్యగా ఉంది. దారి తప్పుతున్న పిల్లల్ని దారికి తెచ్చేందుకు వాళ్ల స్టేషన్లో ఒక కార్యక్రమం మొదలుపెడుతున్నారట. పోలీసులూ బడి హెడ్మాస్టర్లూ పంపిన పిల్లలకు వేసవి సెలవుల్లో డ్రిల్లు చేయించి క్రమశిక్షణ నేర్పుతారట. ప్రారంభానికి నేను రావాలట. "మీరే కద సార్ మా స్టేషన్ మొదటి విజయం" అన్నాడు. ఎవరిదయ్యా విజయం, ఎవరి మీదయ్యా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మా ఆవిడ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ నా మొహం చూసి, రానని చెప్పెయ్యమని చేత్తో సైగ చేసింది. వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను.

ఎందుకు వస్తానన్నానో ఆ సాయంత్రమంతా ఆలోచించాను. ఇన్నేళ్లలో మళ్లీ ఆ గేటు దాటి లోపలికి పోలేదు. తిరుపతి నుంచి మా ఊరికి పోయే ప్రతిసారీ బస్సు ఆ గేటు ముందే ఆగుతుంది, నేను అటువైపు కిటికీ దగ్గర కూర్చోను. ఆ ఊరి పేరు రాయను. చిత్తూరు దారిలో బస్సు ఆగి జనం టీ తాగే ఊళ్లలో అదొకటి, అంతవరకు చాలు. అప్పటి ఆఫీసరు, మేమంతా పెద్దసారు అని పిలిచినాయన, పోయిన చలికాలంలో చనిపోయాడు. ఎందరో పిల్లల జీవితాలను మలచిన మహానుభావుడని పేపర్లో వేశారు. ఆ పేపరు మీదే మా ఆవిడ వడియాలు ఆరబోసింది, నేను కాదనలేదు. ఆయన లేడు కాబట్టి ఇప్పుడు పోవచ్చుననిపించింది. పోయి, మైకు చేతికిచ్చినప్పుడు ఒక్క మాట చెప్పి వచ్చెయ్యాలి. ఆ చెరకు పిప్పి వామిని నేను తగలబెట్టలేదు. అది చెప్పడానికే పోయాను.

మాది ఐరాల దగ్గర పల్లె. చెరకు కొట్టే రోజుల్లో మా ఊరు ఊరంతా బెల్లం వాసన. ఇప్పటివాళ్లు బెల్లం వాసన అంటే తియ్యటి వాసన అనుకుంటారు. దగ్గరుండి చూసినవాళ్లకు తెలుసు, దాంట్లో పొగ ఉంటుంది, సున్నం ఉంటుంది, మనిషి చెమట ఉంటుంది, పెనం అంచున మాడిన నురగ ఉంటుంది. మా నాయన గానుగ దగ్గర పొయ్యి మనిషి. పెనం కింద గొయ్యిలో కూర్చుని, చెరకు ఆడగా వచ్చి ఆరిన పిప్పిని చేతికర్రతో పొయ్యిలోకి ఎగదోస్తూ ఉండటమే ఆయన పని. మంట ఎక్కువైతే పాకం మాడుతుంది, తగ్గితే రసం పులుస్తుంది. పైన పెనంలో ఏం జరుగుతోందో ఆయనకు కనపడదు, వాసన పట్టుకుని మంట పెంచేవాడు, తగ్గించేవాడు. ఇంటికొచ్చాక కూడా ఆయన ఒంటి మీద ఆ పొగ వాసన పోయేది కాదు. అమ్మ రాగి సంగటి ముద్దలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి వేసి పెడితే తిని, పొయ్యిలోంచి నిప్పు కణిక వేళ్లతోనే తీసి బీడీ ముట్టించుకునేవాడు. ఆ వేళ్లు కాలవా అని నేను ఆశ్చర్యంగా చూసేవాణ్ణి. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నిప్పుతో ఎట్లా మసలుకోవాలో చెప్పేవాడు. పొడి పిప్పి ఒక్క రవ్వకే అంటుకుంటుందనీ, తడి పిప్పి మాత్రం ఊది ఊది ప్రాణం పోయినా అంటుకోదనీ చెప్పేవాడు. తడి పిప్పిని తిట్టుకోని రోజు ఆయనకు లేదు.

ఆ ఏడు కాలం కాని కాలంలో జల్లులు పడ్డాయి. ఆరబోసిన పిప్పి తడిసింది. మళ్లీ వాన వస్తుందేమోనని గానుగ ఆసామి దాన్ని ఆరనివ్వకుండానే వామి వేయించాడు, కొండంత వామి. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పాకం ముదిరి బెల్లం చెడింది. పెనం దించాల్సిన వేళకు ఆసామి ఎవరితోనో కబుర్లలో ఉన్నాడు. తప్పు తనదే. దానికి గొయ్యిలో ఉన్న మా నాయనను పైకి పిలిచి, అందరి ముందూ చెంప మీద కొట్టాడు. మా నాయన తల వంచుకుని మళ్లీ గొయ్యిలోకి దిగాడు. అప్పుడు నేను బడి నుంచి వచ్చి అక్కడే ఉన్నాను, ఎనిమిదో తరగతి. నీ పిప్పి వామి తగలబెడతా సూడు అని అరిచాను. అరిచాను, దాంట్లో దాచేదేమీ లేదు. ఈ రోజు మళ్లీ అట్లా జరిగితే మళ్లీ అరుస్తాను. మర్నాడు పొద్దున వామి తగలబడింది.

ఫైరింజను వచ్చింది, నీళ్లు కొట్టారు, కొక్కేలు వేసి వామిని లాగేశారు. నేను ఇంట్లో గంజి తాగుతుంటే నలుగురు వచ్చి చెయ్యి పట్టుకుని గానుగ దగ్గరికి లాక్కుపోయారు. ఎందుకు పెట్టినావురా అని ఒకడు, ఎవరితో కలిసి పెట్టినావురా అని ఇంకొకడు. ఆసామి తరఫు మనుషులు కొడుతుంటే ఎస్సై చూస్తూ నిలబడ్డాడు. పెద్దసారు ఖాకీ బట్టల మీద మసితో వచ్చి, ఎస్సైని పక్కకు తీసుకుపోయి ఏదో మాట్లాడాడు. కేసు వద్దన్నాడట. చిన్న పిల్లవాడు, బాలనేరస్తుల హోముకు పంపితే పాడైపోతాడు, నా స్టేషనుకు పంపండి, నేను మనిషిని చేస్తాను అన్నాడట. అందరూ ఆయనకు దండం పెట్టారు. మా అమ్మ కాళ్లు పట్టుకుంది. మా నాయన ఒక్కడే, చిందరవందరగా పడివున్న పిప్పిలోంచి గుప్పెడు తీసి పిండి చూశాడు. అది ఇంకా తడిగానే ఉంది. ఫైరింజను కొట్టిన నీళ్ల తడి కాదు, వాన తడి. తడి పిప్పి దానంతట అది అంటుకోదు, ఎవడో కసిపట్టి పెడితే తప్ప. పొయ్యి ముందు బతుకంతా గడిపిన మనిషి కదా, ఆయనకు తెలిసిన నిజం అది. ఆ గుప్పెడు కింద పడేసి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అట్లా ఆ స్టేషనుకు చేరాను, తిండీ పడకా అక్కడే, పగలు బడి. అక్కడ నాలాంటి పిల్లలు ఇంకొందరు, సైకిలు దొంగిలించినవాడు, సినిమాహాలు దగ్గర టికెట్లు బ్లాకులో అమ్మినవాడు, వాళ్లమ్మను కొట్టినవాడు. తెల్లారగానే పరేడు. గొట్టాలు విప్పి కడిగి, టవరుకు వేలాడదీసి ఆరబెట్టి, ఆరాక చుట్టలు చుట్టాలి. నీళ్లు చిమ్మే ఇత్తడి మూతులు చింతపండుతో తోమి తళతళలాడించాలి. ఆ పులుపు చేతుల పగుళ్లలోకి దిగి మండేది. అన్నం తినేటప్పుడు కూడా చేతికి ఇత్తడి కంపు. శనివారం శనివారం అందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరు ముందుకొచ్చి తాము చేసిన తప్పు గట్టిగా చెప్పాలనేవాడు పెద్దసారు. చెప్పినవాణ్ణి ఇంజను ఎక్కించి గంట కొట్టనిచ్చేవాడు. నా వంతు వచ్చేసరికి నేను ముందుకు అడుగు వేసేవాణ్ణి కాదు. చెప్పురా, చెప్పేస్తే మనసు తేలికైపోతుంది అనేవాడు. నేను పెట్టలేదు సార్ అనేవాణ్ణి. కొన్నాళ్లకు ఆయన అడగడం మానేశాడు. వాడి సంగతి వదిలెయ్యండి అని తరువాతి పిల్లవాడి దగ్గరికి పోయేవాడు. నమ్మాడు కాబోలనుకున్నాను. ఆ ఇంజను ఎప్పుడూ ఎక్కలేదు, గంట ఎప్పుడూ కొట్టలేదు.

నాకు చదువు అక్కడే అబ్బింది, అదే నాకు మరింత కోపం. బడి లేని మధ్యాహ్నాలు ఫైర్‌మన్లు మంచాల మీద నడుం వాల్చినప్పుడు పెద్దసారు నా చేత పేపరు పైకి చదివించేవాడు. తప్పు చదివితే మళ్లీ చదివించేవాడు. టౌను లైబ్రరీ నుంచి తన కార్డు మీద పుస్తకాలు తెచ్చిచ్చాడు. హైస్కూల్లో, తర్వాత కాలేజీలో సీటు కోసం తనే తిరిగాడు. ఎక్కడికి పోయినా ఒకటే పరిచయం, వీడు పిప్పి వామి తగలబెట్టిన పిల్లోడు, ఇప్పుడు చూడండి. చదివించినందుకు రుణపడ్డానా అంటే పడ్డాను. కానీ ప్రతి మెట్టు మీదా ఆ వామిని నా నెత్తిన పెట్టి నడిపించాడు. తెలుగు లెక్చరరుగా ఉద్యోగం వచ్చిన రోజున స్వీట్లు తీసుకుని మా ఇంటికొచ్చి, మా ముసలవ్వతో కూడా అదే మాట చెప్పి మురిసిపోయాడు. మా అవ్వ ఆయన ఎదురుగానే చెంబు నీళ్లు తాగి లేచి లోపలికి పోయింది. ఆవిడకు ఎవరి మీదా గౌరవం లేదు, అందుకే ఆవిడంటే నాకు ఇష్టం.

ఇంట్లో ఏం జరిగిందో ఇప్పుడు చెప్పాలి. వామి కాలిన తర్వాత మా నాయనను ఆ చుట్టుపక్కల ఏ గానుగ దగ్గరా పొయ్యి మీదికి రానివ్వలేదు. ఆయన చింతచెట్లు దులపడానికి, మామిడి తోటల్లో కాపలాకి పోయేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు, ఒక్క దెబ్బ వెయ్యలేదు. అగ్గిపెట్టె మాత్రం దాచిపెట్టేశాడు. పంచె రొంటిన దోపుకుని తిరిగేవాడు, పడుకున్నా తీసేవాడు కాదు. అమ్మ పొయ్యి రాజేయాలంటే పొద్దున్నే ఆయన దగ్గరికి పోయి అడిగి, ముట్టించుకుని, మళ్లీ తెచ్చి ఆయన చేతికే ఇవ్వాలి. చలికాలంలో అందరూ చితుకులు పోగేసి చలి కాగుతుంటే, సెలవులకు ఇంటికొచ్చిన నేను మంట దగ్గరికి వస్తే ఆయన లేచి నాకూ మంటకూ మధ్య కూర్చునేవాడు. నేను పెళ్లి చేసుకుని తిరుపతిలో ఇల్లు తీసుకున్నాక మొదటిసారి వచ్చినప్పుడు, చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి పోయి, స్టవ్వు పక్కనున్న అగ్గిపెట్టె తీసి రొంటిన దోపుకున్నాడు. మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నాయనా, నేను పెట్టలేదు నాయనా అని ఎన్నోసార్లు చెప్పాను. వినేవాడు. తల ఊపేవాడు. తడి పిప్పి అంటుకోదు కదబ్బా అని నెమ్మదిగా అనేవాడు, అంతే.

ఆయన పోయినప్పుడు నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాల్సినవాణ్ణి నేను. ఒక్కణ్ణే కొడుకుని. పాడె లేపే ముందు మా చిన్నాయన నన్ను పక్కకు పిలిచి, కళ్లు కలపలేక, మీ నాయన నా దగ్గర మాట తీసుకున్నాడు అన్నాడు. వాడి చేతికి నిప్పు ఇయ్యొద్దని చెప్పి పోయినాడంట. మా చిన్నాయన కొడుకు కుండ పట్టుకున్నాడు, కొరివి వాడే పెట్టాడు. నేను ఊరందరి మధ్య వెనక నడిచాను. దాని గురించి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

సరే, స్టేషనుకు పోయాను. గేటు మీద ఫ్లెక్సీ, దాంట్లో నా ఫోటో, కింద నాటి నిప్పు నేటి వెలుగు అని అక్షరాలు. చించి పారేద్దామా అనుకున్నాను. ఇంకా పెద్దలెవరో రావాలట, ఆలస్యమవుతుందట. షెడ్డు నీడలో ఒక కుర్చీ వేసి టీ ఇచ్చారు. ఇప్పుడు ఇత్తడి మూతులు లేవు, వేరే లోహమేదో, తోమే పని లేదు. చింతపండు వాసన లేని ఆ షెడ్డు నాకు గుర్తుపట్టడమే కష్టమైంది. పక్క కుర్చీలో ఒక ముసలాయన కర్ర ఒళ్లో పెట్టుకుని నన్నే చూసి నవ్వుతున్నాడు. దొరస్వామి. అప్పట్లో ఫైర్‌మన్, పెద్దసారుకి కుడిచెయ్యి. రిటైరై చాలా కాలమైంది, ఆయన్ను కూడా సన్మానానికి పిలిచారు.

"ఏమప్పా మొగిలీ, పెద్ద మనిషివైపోతివే" అన్నాడు. నా చేతులు పట్టుకుని నిమిరి, పెద్దసారును తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేను తుడుచుకోలేదు. ఈ రోజు నేను స్టేజీ ఎక్కి ఆ వామి నేను తగలబెట్టలేదని చెప్పబోతున్నాను అన్నాను. ఆయన గొడవ పడతాడనుకున్నాను. ఆయన ఏ మాత్రం తడబడకుండా తల ఊపాడు.

"నువ్వు పెట్టలేదని మాకు ఆ పొద్దే తెలుసు కదప్పా. కొక్కెం ఏసి లాగింది నేనే. పైన పచ్చిగా ఉండాది, కడుపులో మాత్రం బొగ్గే. తడి పిప్పినే వామి ఏసినారు, అది లోపల్లోపల కాగి కాగి అంటుకునింది. గడ్డివాములు ఎన్ని అట్ట కాలలేదు. సారుకి సూడంగానే తెలిసిపాయ."

టీ గ్లాసు కింద పెట్టాను. మరి చెప్పలేదేం అని అడిగాను.

"చెప్తే నువ్వు ఈడ ఉంటావా? మళ్లా పోయి ఆ పొయ్యి గుంతలో కూసుంటావు. చదివే పిలకాయవి, నీ మాదిరి పిలకాయ సారుకి మళ్లా యాడ దొరకతాడు? నీ మేలుకే కదప్పా."

ఆ మాట ఆయన గర్వంగా చెప్పాడు. ఇన్నేళ్లూ దాచిపెట్టి నాకు కానుకగా ఇస్తున్నట్టు చెప్పాడు. అంతటితో ఆగినా బాగుండేది. మీ నాయన కూడా మంచోడప్పా అని మొదలుపెట్టాడు. నేను చేరిన కొన్నాళ్లకు, పిల్లలమంతా బడికి పోయిన వేళ, మా నాయన ఒకసారి స్టేషనుకు వచ్చాడట. ఒక మూటలో చింతపండు తెచ్చాడట, ఇత్తడి తోముకోవడానికని. లోపలికి రమ్మంటే రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి పెద్దసారును ఒక మాట అడిగాడట.

"'సారూ, తడి పిప్పి దానంతకది అంటుకుంటుందా? నాకు తెలిసి అంటుకోదు. మీరు మంటలు సూసేవాళ్లు, మీకు తెలిసుంటాది' అన్నాడు. సారు ఆయన కళ్లల్లోకి సూసి, 'అంటుకోదప్పా, మీవోడే పెట్టినాడు. ఇప్పుడు మారినాడులే, నీకేం బయం లేదు' అన్నాడు. మీ నాయన దండం పెట్టి పోయినాడు. ఆ చింతపండుతోనే కద మీరంతా తోమింది."

నాకు ఆ చింతపండు గుర్తుంది. గింజలు తీసి, ఉప్పు వేసి ముద్దలు కట్టి ఉండేది, మా ఇంట్లో కట్టినట్టే. మా నాయన అంత దూరం నడిచి వచ్చి అడిగాడు. నన్ను నమ్మాలని వచ్చాడు. తనకు తెలిసినది తప్పని ఎవరైనా చెప్తారేమోనని వచ్చాడు. చెప్పగలిగిన ఒకే ఒక మనిషి ఆయన కళ్లలోకి చూసి అబద్ధం చెప్పాడు. నాకు చదువు చెప్పడానికి మా నాయన దగ్గర్నుంచి నన్ను లాగేసుకున్నాడు. వాడి మొహాన మన్ను పడ, వాడు ఎంతమందిని మార్చాడో నాకు అనవసరం. అప్పట్లో ఒక పెద్దసారు ఉండేవాడు, ఇప్పుడు ఒక కార్యక్రమం ఉంది, ఫ్లెక్సీ ఉంది, ఫోటోలు తీసేవాళ్లు ఉన్నారు. పిల్లల్ని అదే వరసలో నిలబెడుతున్నారు. తేడా అంతే.

పెద్దలు వచ్చారు. నన్ను స్టేజీ ఎక్కించి, దీపం వెలిగించమని కొవ్వొత్తి నా చేతికిచ్చారు. మా నాయన ఇవ్వని నిప్పు వీళ్లు నవ్వుతూ ఇచ్చారు. పక్కాయనకు ఇచ్చేశాను. కుర్ర ఆఫీసరు మైకులో నా కథ చెప్పాడు, వామితో సహా. పిల్లలు కింద జంబుఖానా మీద కూర్చుని ఉన్నారు, అందరికీ ఒకే పసుపు బనీన్లు. ఎవడి మొహంలోనూ ఏమీ లేదు. ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న ఆ ఒక్క మాట మైకు చేతికొచ్చేసరికి నాకు పనికిరానిదైపోయింది. దాన్ని వినాల్సిన మనిషి ఇక్కడ లేడు. అందుకని పిల్లల్ని అడిగాను, మీలో చెయ్యకుండానే ఇక్కడికొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

అట్లా అడిగితే అందరూ చేతులెత్తేస్తారు సార్ అని ఆఫీసరు నవ్వాడు. ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి వెనక వరసలో ఒక చెయ్యి సగం లేచి, మళ్లీ దిగిపోయింది. మైకు బల్ల మీద పెట్టి కిందికి దిగి పోయి వాడి పక్కన కూర్చున్నాను. మోకాళ్లు నొప్పి, కూర్చోవడానికి కష్టమైంది, వాడు చెయ్యి అందించాడు. పేరు చరణ్ అన్నాడు. బడి దగ్గర ఎవరిదో బైకు కాలిందట, వాడే కాల్చాడని పంపారట. వాడు చెప్పేది నిజమో అబద్ధమో నాకు తెలియదు. నువ్వే చేసినావా అని నిన్ను ఎవరైనా అడిగారా అన్నాను.

"ఎందుకు చేసినావు అని అడిగినారు సార్."

మీ నాయన అన్నాను. ఆయన కూడా అదే అడిగినాడు సార్ అన్నాడు, జంబుఖానా దారాలు పీకుతూ. మీ నాయన యాడుంటాడని అడిగాను. మామిడికాయల మండీలో లోడెత్తతాండాడు అన్నాడు. స్టేజీ వైపు తిరిగి, జీపు తియ్యండి, మీరు కూడా రండి అని ఆఫీసరుతో చెప్పాను. కార్యక్రమం ఉంది సార్, ఇంకా పెద్దలు మాట్లాడాలి అన్నాడు. మాట్లాడుకోనీ అన్నాను. పిల్లవాడు నా మొహంలోకి చూసి యాడికి సార్ అన్నాడు.

"లెయ్యి నాయనా. మీ నాయన బతికుండంగానే పోదాం."